రేగడి నేల కింద అగ్ని చరిత్ర: కోటగిరి నుండి మదీనా వరకు

కోటగిరి, బోధన్ ప్రాంతాల రైతు కుటుంబాలకు రేగడి నేల గురించి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. వానాకాలంలో పొలం గట్టు దిగితే చెప్పు బురదలోనే ఉండిపోతుంది. వేసవిలో అదే నేల చేయి దూరేటంత నెర్రెలు విచ్చుకుంటుంది. పునాది లోతు చాలని ఇంటి గోడ కొన్నేళ్ళకే బీట వారుతుంది. అయినా ఈ నేలే చెరకును పెంచింది, జొన్నను, శనగను, పత్తిని పండించింది, తరతరాల ఇళ్ళకు అన్నం పెట్టింది.

ఈ నల్లని మన్ను ఎక్కడిది? కోటగిరి నుండి తూర్పుగా నిజామాబాదు వైపు వెళితే గుండ్రని గ్రానైటు గుట్టలు కనిపిస్తాయి. పడమటి దిక్కుగా మద్నూరు, జుక్కల్ దాటి నాందేడ్, బీదర్ వైపు వెళితే గుట్టల రూపమే మారిపోతుంది. బల్లపరుపు నెత్తాలు, మెట్లు మెట్లుగా దిగే వాలులు, పగలగొడితే లోపల కూడా నల్లగా ఉండే బరువైన రాయి ఎదురవుతాయి. ఆ రాయి పేరు బసాల్టు. ఒకప్పుడు అది నీటివలె ప్రవహించిన నిప్పు. బాలాఘాట్ కొండలలో పుట్టి ఆ నల్లరాతి దేశం మీదుగా పారి వచ్చే మంజీరా నది, యుగాల తరబడి దానిని అరగదీసి ఒండ్రుగా మన పొలాలకు మోసుకొచ్చింది. కందకుర్తి వద్ద మంజీరాను కలుపుకునే గోదావరి కూడా నాసిక్ సమీపంలోని త్ర్యంబకం వద్ద అదే నల్లరాతిలో జన్మించినదే.

ఆకాశం వైపు, పర్వతాల వైపు, పరచబడిన భూమి వైపు దృష్టి సారించి ఆలోచించమని దివ్య ఖుర్ఆన్ మానవుణ్ణి పదే పదే ఆహ్వానిస్తుంది. ఆ ఆహ్వానాన్ని అందుకోవడానికి దూర దేశాలకు పోనవసరం లేదు. మన కాళ్ళ కింది మన్నుతోనే మొదలుపెట్టవచ్చు.

కొండ లేని అగ్నిపర్వతం

అగ్నిపర్వతం అనగానే శిఖరం నుండి పొగ చిమ్మే కొండ మనస్సులో మెదులుతుంది. దక్కను పీఠభూమిని పరచిన విస్ఫోటనాలు ఆ తరహావి కావు. భూమి పైపొర మైళ్ళ పొడవున చీలింది. ఆ చీలికల నుండి పలుచని లావా ఉబికి వచ్చి, పల్లమెటుంటే అటు పారింది. ఒక ప్రవాహం చల్లారి గట్టిపడిన తరువాత దాని మీద మరొకటి, దాని మీద ఇంకొకటి పరచుకున్నాయి. పడమటి కనుమలలో ఈ పొరల మొత్తం మందం రెండు కిలోమీటర్లకు మించుతుంది. తూర్పుకు వచ్చేకొద్దీ పలుచబడుతూ తెలంగాణ పశ్చిమపు అంచున అంతమవుతుంది. కోటగిరి ప్రాంతం ఉన్నది ఆ అంచుకు చేరువలోనే.

ఈ రాతి పరుపును భూగర్భ శాస్త్రవేత్తలు 'దక్కన్ ట్రాప్స్' అంటారు. స్వీడిష్ భాషలో మెట్లు అనే అర్థం గల పదం నుండి 'ట్రాప్' అనే పేరు వచ్చింది. మెట్ల వంటి గుట్టలను చూసినవారికి ఆ పేరు ఎంత తగినదో వెంటనే బోధపడుతుంది. నేటికీ మిగిలి ఉన్న దక్కను బసాల్టు విస్తీర్ణం సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్లు. కోతకు గురికాక మునుపు అది ఇంతకు మూడు రెట్లు ఉండవచ్చునని అంచనా.

ఇదంతా జరిగింది ఇప్పటికి సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం. ఈ లెక్క ఊహ కాదు. రాతిలోని పొటాషియంలో ఒక రకం, స్థిరమైన వేగంతో, ఆర్గాన్ అనే వాయువుగా మారుతూ ఉంటుంది. కరిగిన రాతి నుండి ఆ వాయువు తప్పించుకుపోతుంది. రాయి గట్టిపడిన తరువాత పుట్టినది మాత్రం లోపలే బందీ అవుతుంది. ఎంత ఆర్గాన్ పోగుపడినదో కొలిస్తే రాయి ఎప్పుడు చల్లారినదో తెలుస్తుంది.

లావా నిరంతరాయంగా ప్రవహించలేదు. రెండు ప్రవాహాల నడుమ వేల సంవత్సరాల విరామాలు ఉండేవి. ఆ విరామాలలో చల్లారిన రాతి మీద చెరువులు ఏర్పడ్డాయి, మొక్కలు మొలిచాయి, నత్తలు, చేపలు, కప్పలు జీవించాయి. తరువాతి ప్రవాహం వాటిని కప్పివేసి, రాతి పుటల మధ్య అచ్చుగా భద్రపరచింది. వికారాబాదు సమీపంలోని నస్కల్ వద్ద అటువంటి పొరలోనే ఒక చిన్న క్షీరదపు పళ్ళు లభించాయి. జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని అనే శాస్త్రవేత్తలు 1988లో దానిని లోకానికి పరిచయం చేశారు. డెక్కనోలెస్టిస్ అని పేరు పెట్టిన ఆ ప్రాణి చుంచెలుక వంటిది. మహాకాయులైన డైనోసార్లు అంతరించిన ఆ కాలంలో అటువంటి అల్పజీవుల వంశాలు బతికి బట్టకట్టాయి. బలం ఒక్కటే మనుగడకు హామీ కాదన్న సంగతి మన తెలంగాణ రాతిలోనే లిఖితమై ఉన్నది.

డైనోసార్ల అంతానికి కారణం ఏది? అదే కాలంలో నేటి మెక్సికోలోని చిక్సులూబ్ వద్ద సుమారు పది కిలోమీటర్ల వెడల్పు గల గ్రహశకలం భూమిని ఢీకొన్నది. ఆ దెబ్బయే ప్రధాన కారణమని ఎక్కువమంది శాస్త్రవేత్తలు భావిస్తారు. దక్కను లావాతో పాటు వెలువడిన గంధక, బొగ్గుపులుసు వాయువులు వాతావరణాన్ని ముందే తలక్రిందులు చేశాయని మరికొందరి వాదన.

ఒకే వేడి, ఎన్నో తీరాలు

ఆ నిప్పు ఎక్కడ నుండి వచ్చింది? అప్పుడు భారత భూభాగం ఇప్పుడున్న చోట లేదు. భూమధ్యరేఖకు దక్షిణాన, హిందూ మహాసముద్రం నడుమ, ఉత్తర దిశగా కదులుతూ ఉండేది. భూగర్భం లోతుల నుండి వేడి శిల ఉబికివచ్చే ఒక స్థానం మీదుగా అది సాగిపోయింది. భూభాగం ముందుకు కదిలింది, వేడి స్థానం అక్కడే ఉండిపోయింది. అది వదిలిన జాడలు నేటికీ సముద్రంలో వరుసగా కనిపిస్తాయి.

ఆ వరుసలో మొదటివి మన లక్షద్వీపాలు, తరువాత మాల్దీవులు. ఇవి రెండూ ముస్లిం జనావాసాలు. పగడపు గూళ్ళతో ఏర్పడిన ఆ దీవుల పునాదులలో ఉన్నది సముద్రంలో మునిగిపోయిన లావా. ఇంకా దక్షిణాన మారిషస్, చివరన నేటికీ లావా చిమ్ముతున్న రీయూనియన్ దీవి ఉన్నాయి. 19వ శతాబ్దంలో కోరంగి వంటి రేవుల నుండి ఓడలెక్కిన తెలుగు కూలీలు మారిషస్ చెరకు తోటలలో చెమటోడ్చారు. వారి సంతతి నేటికీ అక్కడ తెలుగువారిగానే గుర్తింపు పొందుతున్నది. వారు గడ్డపారతో పెకలించిన నల్లరాయి, బోధన్ చెరకు పొలాల పడమట పరచుకున్న నల్లరాయి ఒకే వేడి నుండి పుట్టినవి.

మన ఇళ్ళలో పెద్దలు వెండి ఉంగరాలలో ధరించే అఖీఖు రాళ్ళది కూడా ఈ కథలో చోటే. లావా చల్లారేటప్పుడు లోపలి వాయువులు బుడగలుగా నిలిచిపోయి గుల్లలు ఏర్పడ్డాయి. తరువాతి కాలంలో ఆ గుల్లలలోకి ఊరిన నీరు తనలో కరిగిన ఇసుక పదార్థాన్ని పొరలు పొరలుగా నింపింది. గుజరాత్‌లోని రతన్‌పూర్ వద్ద తవ్వి, ఖంభాత్‌లో సానపట్టే అఖీఖు పుట్టుక ఇదే.

మంచు కింద మంట

దక్కనులో లావా ఎండనేల మీద పారింది. అదే నిప్పు మంచు కింద పుడితే ఏమవుతుంది? దీనికి సమాధానం ఐస్లాండ్‌లో ఉన్నది. ఎయ్యాఫ్యాట్లాయోకుల్ అనే అగ్నిపర్వతం హిమానీనదం కింద ఉంటుంది. అది సుమారు 920లో, 1612లో, తిరిగి 1821 నుండి 1823 వరకు ప్రజ్వరిల్లింది. దాదాపు రెండు శతాబ్దాల మౌనం తరువాత 2010 మార్చి 20న దాని పక్కన మంచు లేని చోట నేల చీలి లావా వచ్చింది. అది చూడవచ్చిన పర్యాటకులను అలరించిన చిన్న విస్ఫోటనం. ఏప్రిల్ 14న శిఖరం వద్ద, మంచు కింద నిప్పు లేచింది. అంతటితో పరిస్థితి మారిపోయింది.

కారణం నీరు. కరిగిన మంచు నీరు లావాను తాకగానే అది ఒక్కసారిగా చల్లబడి గాజువలె పగిలి అతి సన్నని బూడిదగా మారింది. ఆవిరి, వాయువులు కలిసి ఆ బూడిదను తొమ్మిది కిలోమీటర్ల ఎత్తుకు విసిరాయి. గాలి దానిని ఐరోపా మీదికి మోసింది. విమానపు ఇంజన్లలో ఆ పొడి కరిగి అతుక్కుంటే ఇంజన్ ఆగిపోయే ప్రమాదం ఉన్నది. కనుక దాదాపు లక్ష విమానాలు రద్దయ్యాయి, సుమారు కోటిమంది ప్రయాణం నిలిచిపోయింది. ఇదంతా చేసినది చరిత్రలో పెద్దగా లెక్కకు రాని ఒక మధ్యతరహా విస్ఫోటనం.

మంచు కింది అగ్నిపర్వతానికి మరొక స్వభావం కూడా ఉన్నది. పైకి ఏమీ కనిపించకుండానే అడుగున మంచు కరుగుతూ, చెరువుగా పోగుపడి, ఒకనాడు గట్టు తెంచుకుంటుంది. 1996లో ఐస్లాండ్‌లోనే మరొక హిమానీనదం కింద ఇలా నిండిన నీరు కొన్ని వారాల తరువాత వరదగా విరుచుకుపడి వంతెనలను కొట్టుకుపోయింది. ఆ వారాలలో జనం రహదారిని మూసి ఎదురుచూశారు. అందువల్ల ప్రాణనష్టం జరగలేదు.

మన గోదావరి లోయ కూడా ఒకప్పుడు హిమానీనదాలను చూసింది. సింగరేణి బొగ్గు పొరలకు అడుగున, మంచు మోసుకొచ్చి వదిలిన గుండ్లతో కూడిన తాల్చేరు పొర ఉన్నది. దాని వయస్సు సుమారు 30 కోట్ల సంవత్సరాలు. అంటే తెలంగాణ నేల మొదట మంచును, తరువాత బొగ్గుగా మారిన అడవులను, ఆ తరువాత నిప్పును చూసింది. ఈనాడు మనం చూసే ఎండ, వాన, పంట ఈ సుదీర్ఘ గ్రంథంలో చివరి పుట మాత్రమే.

మదీనా చుట్టూ హర్రాలు

ముస్లిం పాఠకులకు హృదయానికి దగ్గరైన నగరం కూడా లావా నేల మీదనే ఉన్నది. నల్లని లావా రాతి మైదానాన్ని అరబ్బీలో 'హర్రా' అంటారు. మదీనాకు తూర్పున హర్రతు వాఖిమ్, పడమట హర్రతుల్ వబరా ఉన్నాయి. దైవప్రవక్త (స) మదీనాను హరమ్‌గా ప్రకటించినప్పుడు ఈ రెండు నల్లరాతి నేలలనే హద్దులుగా పేర్కొన్నట్లు హదీసులు తెలుపుతున్నాయి. ఇవి హర్రతు రహాత్ అనే విశాలమైన అగ్నిపర్వత క్షేత్రంలోని భాగాలు.

హిజ్రీ 654వ సంవత్సరం జుమాదల్ ఆఖిరా మాసారంభంలో, అంటే 1256 జూన్ చివరలో, మదీనా కొన్ని రోజులపాటు కంపించింది. ఆ తరువాత నగరానికి ఆగ్నేయాన నేల చీలి నిప్పు వెలువడింది. విస్ఫోటనం 52 రోజులు సాగింది. లావా సుమారు 23 కిలోమీటర్ల పొడవున పారి, నాటి నగరానికి దాదాపు 8 కిలోమీటర్ల దూరం వరకు వచ్చి ఆగిపోయింది. మదీనావాసులు పంపిన లేఖలను దమస్కులో ఉన్న చరిత్రకారుడు అబూ షామా తన గ్రంథంలో భద్రపరచారు. ఇమామ్ ఇబ్ను కసీర్ వాటిని తరువాతి తరాలకు అందించారు. హిజాజు నుండి వెలువడే ఒక అగ్నిని గురించి సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లిం గ్రంథాలలో భవిష్యవాణి ఉన్నది. అది తమ కాలంలోనే నిజమైనదని ఇమామ్ నవవీ తన వ్యాఖ్యానంలో నమోదు చేశారు.

ఆ లేఖలలో మనం ప్రత్యేకంగా గమనించవలసిన అంశం ఒకటి ఉన్నది. భూమి కంపించిన ఆ రాత్రులలో జనం మస్జిదె నబవీలో గుమిగూడి పశ్చాత్తాపంతో దుఆ చేశారు. నగర పాలకుడు తన బానిసలను విడుదల చేసి, ప్రజల నుండి తీసుకున్న సొత్తును తిరిగి ఇచ్చివేశాడు. ఎవరి పాపం వల్ల ఈ ఆపద వచ్చిందని పొరుగువాని వైపు వేలెత్తి చూపడం కాక, తమ చేతులలోని అన్యాయాన్ని వదిలించుకోవడమే వారి మొదటి స్పందన. నేడు ఎక్కడ భూకంపం వచ్చినా, వరద వచ్చినా బాధితుల నడవడికను తూకం వేయడానికి తొందరపడే నాలుకలకు మదీనావాసుల ఆదర్శం ఒక మందలింపు. ప్రవక్త (స) నగరమే కంపించినప్పుడు, విపత్తును ఇతరులపై తీర్పుగా వాడుకునే హక్కు ఎవరికి ఉన్నది?

ఆ క్షేత్రాల కింద నిప్పు చల్లారిపోలేదు. 2009లో మదీనాకు వాయవ్యాన ఉన్న హర్రతు లునయ్యిర్ వద్ద వేలాది చిన్న కంపనలు నమోదయ్యాయి. మే 19న 5.4 తీవ్రతతో భూమి కదిలింది. సౌదీ అధికారులు ముప్పై వేలకు పైగా ప్రజలను ముందుగానే తరలించారు. శిలాద్రవం పైకి రాకుండా లోపలే ఆగిపోయింది. అప్రమత్తత అల్లాహ్ మీది నమ్మకానికి విరుద్ధం కాదు. ఒంటెను కట్టివేసిన తరువాతనే భరోసా ఉంచాలని నేర్పిన ధర్మం మనది.

కోట్ల సంవత్సరాలు, మన విశ్వాసం

పాఠశాలలో 6.6 కోట్ల సంవత్సరాల మాట విన్న పిల్లలు ఇంటికి వచ్చి, ఇది నిజమేనా అని అడుగుతారు. కొందరు తల్లిదండ్రులు అటువంటి ప్రశ్నను ఈమాన్‌కు ప్రమాదంగా భావించి కసురుకుంటారు. అటువంటి భయానికి మన చరిత్రలో ఆధారం లేదు. దేవుని వద్ద దినపు పరిమాణం మన లెక్కలోని దినం వంటిది కాదని ఖుర్ఆన్ స్వయంగా హెచ్చరించింది. వేయి సంవత్సరాల క్రితం ఇబ్ను సీనా తన 'కితాబుష్షిఫా'లో పర్వతాలు భూకంపాల వల్ల పైకి లేవడం ద్వారాను, నీటి కోత ద్వారాను, సుదీర్ఘ కాలంలో ఏర్పడతాయని వివరించారు. ఆయన సమకాలికుడైన అల్ బీరూనీ భారతదేశం వచ్చినప్పుడు కొండల దగ్గర పెద్ద గుండ్లు, దూరమయ్యేకొద్దీ చిన్న రాళ్ళు, నదీ ముఖాల వద్ద సన్నని ఇసుక ఉండడం గమనించారు. ఈ మైదానం ఒకప్పుడు సముద్రమై ఉండి, నదుల ఒండ్రుతో పూడినదని నిర్ధారించారు. వారికి రాతిని చదవడం ఆరాధనకు అడ్డు కాలేదు. పిల్లల ప్రశ్నను ఆదరించిన ఇంట్లో విశ్వాసం బలపడుతుంది. కసిరిన ఇంట్లో ఆ ప్రశ్న మరొక గుమ్మం వెతుక్కుంటుంది.

నల్లరాయి మన ఇంటికి చెప్పే మాట

మన ప్రాంతంలో ఇక లావా పారే అవకాశం లేదు. భారతదేశంలో క్రియాశీలంగా ఉన్న అగ్నిపర్వతం అండమాన్ సముద్రంలోని బారెన్ దీవి ఒక్కటే. అయినా ఈ రాతి జ్ఞానం మనకు మూడు విషయాలలో నిత్యావసరం.

మొదటిది నీరు. ప్రతి లావా ప్రవాహంలో నడిమి భాగం గట్టి రాయి, దానిలో నీరు నిలవదు. పైభాగంలోని బుడగల గుల్లలలో, పగుళ్ళలో, పుచ్చిన పొరలో మాత్రమే నీరు ఉంటుంది. కాబట్టి బోరు లోతు పెంచినంత మాత్రాన నీరు పెరగదు. అప్పు మాత్రం పెరుగుతుంది. ఈ సత్యం 15వ శతాబ్దపు బహమనీల కాలానికే తెలుసు. బీదర్‌లో పైన నీటిని పీల్చే ఎర్రని జంబిటిక రాయి, దాని కింద నీటిని దిగనివ్వని బసాల్టు ఉన్నాయి. ఆ రెండింటి కలయిక వద్ద సొరంగం తొలిచి, ఇరాన్ పద్ధతిలో కారేజు నిర్మించి, నీటిని తనంత తానే నగరానికి పారించారు. అదే దూరదృష్టితో నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్, మంజీరా నీటిని ఈ ప్రాంతపు పొలాలకు మళ్ళించింది. ఆ నీటి బలంతోనే 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలిసింది. 2015లో కర్మాగారం మూతపడినా కాలువ నీరు, బావి నీరు మన చేతిలో అమానతుగానే ఉన్నాయి. మదీనాలో రూమా బావిని కొని అందరికీ వఖ్ఫ్ చేసిన హజ్రత్ ఉస్మాన్ (రజి) సంప్రదాయం, ఊరి పాత బావిని పూడిక తీయించడానికి, ఇంకుడు గుంత తవ్వడానికి సరిపడే ప్రేరణ.

రెండవది ఇల్లు. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున లాతూరు జిల్లా కిల్లారి వద్ద వచ్చిన భూకంపంలో దాదాపు పదివేల మంది మరణించారు. అది అగ్నిపర్వతం వల్ల వచ్చినది కాదు. అక్కడ 338 మీటర్ల మందాన ఉన్న బసాల్టుకు కింద, పురాతన శిలలలో జరిగిన కదలిక. నిద్రలో ఉన్నవారిని చంపినవి మట్టితో పేర్చిన మందపాటి రాతిగోడలు, బరువైన మట్టి మిద్దెలు. మనకు పొరుగునే జరిగిన విషాదమిది. రేగడిలో ఇల్లు కట్టేవారు ఉబ్బి కుంచించుకునే పైమన్నును దాటి గట్టి పొర వరకు పునాది తీయాలి. గోడలను కట్టిపడేసే కాంక్రీటు పట్టీలు వేయాలి. అలంకారానికి వెచ్చించే సొమ్ములో కొంత పునాదికి వెచ్చించడం కుటుంబం పట్ల బాధ్యత.

మూడవది మన్ను. బసాల్టు పుచ్చి రేగడిగా మారడానికి వేల సంవత్సరాలు పడుతుంది. సున్నం, మెగ్నీషియం, పొటాషియం దానిలో సమృద్ధిగా ఉంటాయి. నత్రజని, సేంద్రియ పదార్థం తక్కువ. మురుగు పోయే దారి లేకుండా అదే పనిగా నీరు పెడితే అడుగు లవణాలు పైకి వచ్చి చౌడు తేలుతుంది. పంట అవశేషాలను కాల్చివేయకుండా దున్ని కలిపితే, పప్పు పైర్లతో మార్పిడి చేస్తే నేల తేరుకుంటుంది. ఒక తరం నిర్లక్ష్యంతో పోగొట్టుకున్న మన్నును పది తరాలు కూడా తిరిగి తయారుచేయలేవు.

భూమిని మనకు పరుపుగా పరచిన ప్రభువు, ఆ పరుపును నిప్పుతో, మంచుతో, నీటితో, కోట్ల సంవత్సరాల ఓర్పుతో సిద్ధం చేశాడు. దానిని మనకు ఇచ్చినది యాజమాన్యానికి కాదు, సంరక్షణకు. ఈ వేసవిలో చేను నెర్రెలు విచ్చినప్పుడు ఆ నెర్రెను పిల్లలకు చూపించండి. దాని కథ చెప్పండి. తరువాత ఊరి బావి గట్టు వరకు నడిపించి, దానిలో నీరు ఎంత ఉన్నదో కూడా చూపించండి.